మూగయంత్రమునకు మాట నేర్పుట



ఈ సంవత్సరము వర్షములు వెనుకపట్టిన పిమ్మట మేము మా విజ్ఞానశాస్త్ర తరగతి విద్యార్థులను వెంటబెట్టుకొని పురానాపూల్ వంతెనకు పోయితిమి. ఆ వంతెన 1578వ సంవత్సరమున ఇబ్రాహీం కులీ కుతుబ్‌షా కాలమున కట్టబడినది. హైదరాబాదు నగరమునకు పునాది పడినది 1591లో. కావున నగరముకంటె వంతెనయే పదుమూడేండ్లు పెద్దది. గోలకొండ కోటనుండి కార్వాను మార్గమున వచ్చువారు దీనిమీదుగనే మూసీనదిని దాటి దక్షిణపు టొడ్డునకు చేరెడివారు.

1908వ సంవత్సరము సెప్టెంబరు 28వ తేదీన ఈ నదికి వచ్చిన వరదను మన నగరమువా రింకను మఱవలేదు. ఎగువనున్న చెరువులు అనేకములు తెగి, నీరు ఒక్కుమ్మడిగ ఊరిపై బడెను. సుమారు 15,000 మంది మరణించిరని అంచనా. అఫ్జల్‌గంజి వంతెనయు, ముసల్లంజంగు వంతెనయు, చాదర్‌ఘాటు వంతెనయు కొట్టుకొనిపోగా, నగరముయొక్క రెండు భాగములను కలుపుటకు పురానాపూల్ ఒక్కటియే మిగిలెను. అటుపిమ్మట మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారిని పిలిపించి వారి సలహా ననుసరించి మూసీనదిపై గండిపేటవద్ద ఉస్మాన్‌సాగరును 1920లోను, ఈసీనదిపై హిమాయత్‌సాగరును 1927లోను పూర్తిచేసిరి. ఈ రెండు నదులును లంగర్‌హౌసువద్ద కలిసి, ఒక్కటియై, పురానాపూల్ క్రిందికి వచ్చుచున్నవి.

వంతెన గోడమీద చేతులానించి క్రిందికి చూచుచున్న యొక చిన్నవాడు మమ్ము నిట్లడిగెను: "అయ్యా, పైన జలాశయములో నీరెంత యున్నదో యిచ్చటివారి కెట్లు తెలియును?"

ప్రశ్న చిన్నదే గాని దాని యుత్తరముపై ప్రాణము లాధారపడి యున్నవి. 2025వ సంవత్సరము సెప్టెంబరు చివర జంట జలాశయముల గేట్లు తెఱువబడగా మూసీ పొంగి మహాత్మాగాంధీ బస్సు నిలయములోనికి సయితము నీరు వచ్చిన సంగతి మీలో ననేకు లెఱుగుదురు. నీరు తన దారిని తాను వచ్చును. వార్తయో, నీటికంటె ముందుగ రావలెను. వచ్చిన వార్త నిజమై యుండవలెను. ఈ రెండు పనులను నేడు ఎక్కువగా యంత్రములకే అప్పగించుచున్నారు. ఆ యంత్రములకు మాట యెట్లు నేర్పుదురో, అందు ఏ లోపము దాగియుండునో, మా తరగతిలో మేము చేసిన చిన్న ప్రయత్నమును ఆధారముగ గొని యీ వ్యాసమున వివరింపబూనితిమి.

1. యంత్రములో నిమిడిన బుద్ధి

కంప్యూటరనగానే బల్లమీద తెరతోను మీటలతోను ఉండు వస్తువు మన కన్నులకు గట్టును. కాని లోకములోని కంప్యూటరులలో నెక్కువ భాగము కంటికి కనబడవు. నీటి పంపులోను, విద్యుత్తు మీటరులోను, లిఫ్టులోను, బట్టలుతుకు యంత్రములోను గోరంత చిప్పు ఒకటి యిమిడియుండి, తనకు నియమించిన యొక్క పనినే రాత్రింబవళ్లు చేయుచుండును. దీనిని మైక్రోకంట్రోలరందురు. ఇది యిమిడియున్న పరికరమునకు ఎంబెడెడ్ పరికరమని పేరు.

నీటిమట్టమును కొలుచు పరికరము నుదాహరణముగ దీసికొందము. నీటిలో తేలెడు బెండు పైకి లేచినకొలది తీగలోని విద్యుత్తు మాఱును. మైక్రోకంట్రోలరు ఆ మార్పును చూచి దానిని అంకెగా మార్చుకొనును. అంతవఱకు బాగుగనే యున్నది. కాని ఆ అంకె దాని కడుపులోనే యుండిపోయిన ఎవ్వరికి లాభము? తెలిసియు చెప్పలేని యంత్రము మూగసాక్షి వంటిది. దానికి మాట నేర్పవలెను.

2. మాటకు ముందు మర్యాద

మాట నేర్పుట యనిన తీగ తగిలించుట మాత్రమే కాదు. ఒక కర్మాగారములో నూఱు పరికరములుండును. అవి నూఱు వేర్వేఱు కంపెనీలు చేసినవై యుండవచ్చును. ఎవరు ముందు మాటాడవలెను, ఎవరికి మాటాడవలెను, మాట యెచ్చట మొదలై యెచ్చట ముగియును, తప్పు విన్నయెడల నేమి చేయవలెను, అను నియమము లన్నింటికి నొక్కటిగ నుండవలెను. ఈ సంభాషణ మర్యాదకే ప్రోటోకాలని పేరు.

ఇట్టి మర్యాదలలో మిక్కిలి ప్రసిద్ధమును మిక్కిలి సులభమును అయినది మాడ్‌బస్. దీనిని అమెరికా దేశములోని మోడికాన్ అను కంపెనీ 1979లో ప్రకటించెను. దాదాపు అర్ధశతాబ్దము గడచినను ఇది వాడుకనుండి తొలగిపోలేదు. దీని నియమములు ఎవరైనను చదివి యుపయోగించుకొనునట్లు బహిరంగముగ నుండుటయు, చిన్న చిప్పులో సయితము ఇముడుటయు ఇందుకు ముఖ్య కారణములు.

దీని పద్ధతిని మా విద్యార్థులకు బోధించుటకు మేము ఎక్కువ శ్రమపడలేదు. ప్రతిదినము ఉదయము తరగతిలో జరుగు హాజరు పిలుపే దీనికి చక్కని యుదాహరణము. ఉపాధ్యాయుడు సంఖ్య పిలుచును. ఆ సంఖ్యగల విద్యార్థి మాత్రమే పలుకును. పిలువనిదే యెవ్వరును నోరు విప్పరాదు. మాడ్‌బస్‌లోను ఇంతే. ఒక తీగపై ప్రశ్నించు యంత్ర మొక్కటి యుండును. ఉత్తరమిచ్చు పరికరములకు 1 మొదలు 247 వఱకు సంఖ్య లుండును. 0 అను సంఖ్యతో పిలిచిన నది అందఱికి చెప్పిన యాజ్ఞ. దానికి ఎవ్వరును బదులు పలుకరు.

3. ఒక ప్రశ్న, ఒక యుత్తరము

మేము తరగతిలో నొక తొట్టిని జలాశయముగ భావించితిమి. దాని పై గీతను హిమాయత్‌సాగరు పూర్తి మట్టమగు 1763.5 అడుగులుగను, ఒక్కొక్క అంగుళమును ఒక్కొక్క అడుగుగను లెక్కించితిమి. బెండు, చిప్పు, రెండు తీగలు, ఇవతల ప్రశ్నించు కంప్యూటరు: ఇంతే మా సామగ్రి.

పరికరము తన సంగతులను రిజిస్టరులను గళ్లలో దాచుకొనును. ఒక్కొక్క గడిలో 0 మొదలు 65,535 వఱకు నేదైన నొక పూర్ణసంఖ్య పట్టును. భిన్నములకు చోటు లేదు. కావున 1763.5 అను దానిని పదింతలు చేసి 17635 అని వ్రాసి, "ఇది అడుగులో పదవ వంతులలెక్క" అని కాగితముపై ముందుగ నొప్పందము చేసికొనవలెను. ఆ కాగితము లేనిచో అంకె చేరినను అర్థము చేరదు.

ఇపుడు ప్రశ్నను చూడుడు. తీగపై పోవు మాట బైటులుగ పోవును; ఒక బైటనగా 0 మొదలు 255 వఱకు గల యొక యంకె. "ఒకటవ పరికరమా, నీ మొదటి గడిలోని సంఖ్య చెప్పుము" అను ప్రశ్న మాడ్‌బస్‌లో ఈ యెనిమిది బైటులు:

1, 3, 0, 0, 0, 1, 132, 10

మొదటి 1 పరికరము సంఖ్య. 3 అనగా "గడులను చదివి చెప్పుము" అను నాజ్ఞ. తరువాతి 0, 0 చదువవలసిన మొదటి గడి చిరునామా. ఆపై 0, 1 ఎన్ని గడులు అనుదానికి. చివరి రెండును సరిచూచుకొను అంకెలు. వాని సంగతి ముందు చెప్పెదము. దీనికి మా పరికర మిచ్చిన యుత్తరము:

1, 3, 2, 68, 227, 202, 205

"ఒకటవ పరికరమును, చదువుమన్న యాజ్ఞకు బదులు చెప్పుచున్నాను, రెండు బైటులు చెప్పెదను, అవి 68, 227" అని దీని భావము. 68ని 256చే గుణించి 227 కలిపిన 17635 వచ్చును. అనగా 1763.5 అడుగులు. సెకండునకు 9,600 బిట్ల వేగమున ఈ ప్రశ్నోత్తరములు రెండును తీగపై నుండు కాలము సెకండులో దాదాపు అఱువదవ వంతు మాత్రమే.

ఇచ్చట రెండు పొరపాట్లు తఱచుగ జరుగును. రెండు బైటులను తాఱుమాఱుగ చదివినయెడల 227ను 256చే గుణించి 68 కలుపగా 58180 వచ్చును. అనగా నీటిమట్టము 5,818 అడుగులని తెరపై కనబడును! ఇది మా తరగతిలో నిజముగ జరిగి యందఱిని నవ్వించెను. రెండవది గడుల లెక్క. వ్రాత పత్రములలో మొదటి గడిని 40001 అని వ్రాయు ఆచార మున్నది. తీగపై మాత్రము దాని చిరునామా 0. ఈ తేడా తెలియనివారు ఒకటి యడిగి దాని ప్రక్క గడిని చదువుకొందురు. మొదటి తప్పు నవ్వు పుట్టించి తన్ను తానే బయటబెట్టుకొనును; రెండవది నమ్మదగిన యంకెనే చూపి మోసగించును. నవ్వు పుట్టించు తప్పుకంటె నమ్మకము పుట్టించు తప్పే ప్రమాదకరము.

4. మాట దారిలో చెడకుండుట

పంపుల మోటారులును, మెఱుపులును తీగలోని మాటను చెడగొట్టగలవు. 17635 అని బయలుదేఱిన సంఖ్య 17665గ చేరిన నెట్లు కనుగొందుము?

మీరు పట్టికలు నేర్చునపుడు తొమ్మిదుల శోధన నేర్చియుందురు. 17635 లోని అంకెలను కూడిన 22. మరల కూడిన 4. ఆ 4ను సంఖ్యతోపాటు పంపినచో, చేరినవాడు 17665ను కూడి 7 వచ్చుట చూచి "ఇది చెడినది" అని త్రోసివేయును. కాని 17635 బదులు 71635 అని చేరినను మొత్తము 22యే గదా! స్థానములు మాఱిన తప్పును ఈ శోధన పట్టలేదు.

కావున మాడ్‌బస్‌లో ఇంతకంటె గట్టిదైన సి.ఆర్.సి. అను లెక్కను వాడుదురు. సందేశము మొత్తమును ఒక పెద్ద సంఖ్యగ భావించి, నియమితమైన యొక సంఖ్యతో ఒకవిధమైన భాగహారము చేసి, మిగిలిన శేషమును రెండు బైటులుగ చివర చేర్చుదురు. పైన జూపిన 132, 10యు, 202, 205యు అట్టి శేషములే. ఇందులో బిట్ల విలువయే గాక స్థానమును లెక్కకు వచ్చును. ఒకచోట వరుసగ పదునాఱు బిట్ల లోపల నెట్టి చెడుగు కలిగినను ఇది తప్పక పట్టును. అంతకు మించిన చెడుగులలో దీని కన్ను గప్పి పోగలవి 65,536లో నొకటి చొప్పున మాత్రమే.

చదువరులు దీనిని చక్కగ మనస్సున నుంచుకొనవలెను. ఏలయన, ఇది యేమి కాపాడునో, ఏమి కాపాడదో మా కథలో త్వరలోనే తెలియును.

5. పరికరమునకు ప్రోటోకాలును చేర్చు విధము

ఇదివఱకే కొలత పని చేయుచున్న పరికరమునకు మాట చేర్చువారు నాలుగు మెట్లు ఎక్కవలెను.

మొదటిది తీగ. ఆర్.ఎస్.-485 అను పద్ధతిలో పురిపెట్టిన రెండు తీగలు చాలును. ఇవి 1,200 మీటరుల దూరము వఱకు పోగలవు. తీగ రెండు కొనలయందును 120 ఓముల నిరోధమును తగిలింపవలెను. లేనిచో బావిలో కేక ప్రతిధ్వనించినట్లు మాట వెనుకకు మఱలి తరువాతి మాటతో కలిసిపోవును.

రెండవది కాలము. ఒకే తీగపై అందఱును మాటాడవలసి యున్నందున, పరికరము తన వంతు రాగానే తీగను పట్టుకొని, మాట ముగియగానే విడువవలెను. చివరి బైటు ఇంకను వెళ్లుచుండగనే విడిచినచో తోక తెగిన మాట చేరును. ఆలస్యముగ విడిచినచో తరువాతివాని మాటకు అడ్డువచ్చును. మాటకును మాటకును నడుమ కనీసము మూడున్నఱ అక్షరముల కాలము మౌనము పాటింపవలెనని నియమము. 9,600 బిట్ల వేగమున ఇది సెకండులో సుమారు 250వ వంతు. ఆ మౌనమే వాక్యాంతమున మనము పెట్టు చుక్క.

మూడవది సాఫ్టువేరు. ప్రశ్నను విప్పి, సరిచూచి, ఉత్తరమును కూర్చు భాగమును ఎవరికి వారే వ్రాసికొనవచ్చును. లేదా ఇతరులు వ్రాసి, పరీక్షించి, లోకమున కిచ్చినదానిని తెచ్చి చేర్చుకొనవచ్చును. మాడ్‌బస్‌కు కొన్ని వేల బైటుల చోటు చాలును. తెలియని గడిని అడిగిన మౌనముగ నుండక "అట్టి చిరునామా లేదు" అని చెప్పుటకు సయితము ఇందు నియమమున్నది: ఆజ్ఞ సంఖ్యకు 128 కలిపి, 3 బదులు 131 అని మొదలిడి, తప్పు సంఖ్యగ 2 చెప్పవలెను.

నాలుగవది గడుల పట్టిక. ఏ గడిలో నేమి యుండును, ఏ కొలతలో నుండును, ఏది చదువుటకే, ఏది వ్రాయుటకు గూడ, అని నిర్ణయించుట. మొదటి మూడింటిని పుస్తకము చూచి చేయవచ్చును. ఇది మాత్రము ఆలోచించి చేయవలసినది. మేము పొరబడినదియు ఇచ్చటనే. మా పట్టికలో నొక్కటే గడి పెట్టితిమి: నీటిమట్టము. ఇంతకంటె నేమి కావలెనని యనుకొంటిమి.

6. దొంగ హాజరు

తల్లిదండ్రుల సమావేశమునకు ముందు దినమున మే మొకసారి ప్రదర్శన చేసి చూచితిమి. తొట్టిలోనికి నీరు వదలితిమి. తెరపై 1755, 1756, 1757 అని యంకె పెరుగుచుండెను. 1758.2 వద్ద అంకె నిలిచినది. నీరు రాక మందగించినదని తలచి మేము మఱొకవైపు మాటలలో బడితిమి. కొంతసేపటికి వెనుకబెంచీ బాలిక యొకతె లేచి, "అయ్యా, నీళ్లు నేలమీదికి పారుచున్నవి, తెరమీద అంకె మాత్రము కదలలేదు" అనెను.

చూడగా తొట్టి నిండి పొర్లుచున్నది. పుస్తకముల సంచులు తడిసినవి. తెరపై పచ్చదీపము ప్రశాంతముగ వెలుగుచునే యున్నది.

మేము మొట్టమొదట తీగను అనుమానించితిమి. తీగ బాగుగ నున్నది. సి.ఆర్.సి.ని అనుమానించితిమి, ప్రతి యుత్తరమును సరిగనే యున్నది. కంప్యూటరు సెకండునకు నొకసారి అడుగుచున్నది. పరికరము సెకండునకు నొకసారి వినయముగ బదులు చెప్పుచున్నది. గంటసేపు వెదకిన పిమ్మట తేలినదేమన, తొట్టిని జరుపునపుడు బెండునుండి చిప్పునకు వచ్చు చిన్నతీగ యూడినది. మా సాఫ్టువేరులో రెండు భాగము లుండెను: ఒకటి కొలుచునది, రెండవది పలుకునది. కొలుచు భాగము బెండునుండి రాని వార్తకై యెదురుచూచుచు నిలిచిపోయినది. పలుకు భాగమునకు ఆ సంగతి తెలియదు. గడిలో మిగిలియున్న పాత సంఖ్యనే మరల మరల చదివి చెప్పుచు వచ్చినది.

తరగతిలో లేని స్నేహితుని సంఖ్య పిలిచినపుడు ప్రక్కవాడు గొంతు మార్చి "హాజరు" అని పలుకుట మీలో కొందఱు చూచియుందురు. చేసినవారు గూడ నుండవచ్చును. మా యంత్రము చేసినది అదియే. గొంతు స్పష్టముగ నున్నది, సంఖ్య సరిగ నున్నది, మనిషి మాత్రము లేడు.

ఇంకొక వింత. చిప్పులో వాచ్‌డాగు అను కావలి గడియార మొకటి యుండును. సాఫ్టువేరు దానిని అప్పుడప్పుడు తట్టుచుండవలెను; తట్టుట మానినయెడల సాఫ్టువేరు చిక్కుకొన్నదని గ్రహించి చిప్పును మొదటినుండి నడిపించును. మా చిప్పులోను కావలి యున్నది. కాని దానిని తట్టు పనిని మేము పలుకు భాగమునకే యిచ్చితిమి. అది మేలుకొని తట్టుచున్నంతకాలము, కొలుచు భాగము నిద్రించిన సంగతి కావలికి తెలియలేదు.

ఆ సాయంకాలము నేల తుడుచుచుండగ మా కందఱికి పురానాపూలే జ్ఞప్తికి వచ్చినది. ఇచ్చట తడిసినవి పుస్తకముల సంచులు. అచ్చట నదియొడ్డున నిద్రించుచున్నవారు పచ్చదీపమును నమ్మియుండిన నేమగును? ప్రోటోకాలు దారిలో మాట చెడకుండ కాపాడినది. ఆ పనిలో అది యణుమాత్రము తప్పలేదు. కాని బయలుదేఱునప్పటికే అబద్ధమైన మాటను నిజము చేయుట దాని చేతిలో లేదు. శుద్ధముగ చేరిన మాట సత్యమైన మాట కానక్కఱలేదు.

7. దిద్దుబాటు

మేము గడుల పట్టికను మరల వ్రాసితిమి. ఇపుడు నాలుగు గడులు. మొదటిదానిలో నీటిమట్టము. రెండవదానిలో కొలత జరిగిన ప్రతిసారియు ఒకటి చొప్పున పెరుగు లెక్క. నాడి కొట్టుకొనుట వంటిది. మూడవదానిలో చివరి కొలత జరిగి ఎన్ని సెకండులైనదో. నాలుగవదానిలో పరికరముయొక్క స్థితి: బాగు, అనుమానము, చెడినది.

కొలుచు భాగము పది సెకండులకు మించి నిలిచినచో, పరికరము మట్టమును చెప్పుట మాని, మాడ్‌బస్‌లో 4వ తప్పుసంఖ్య చెప్పును. దాని యర్థము "నాలో లోపము కలిగినది" అని. కావలి గడియారమును ఇపుడు రెండు భాగములును తమ తమ పని చేసితిమని గుర్తువేసినపుడే తట్టుదురు. పిమ్మట మేమే బుద్ధిపూర్వకముగ ఆ చిన్నతీగను ఊడదీసి చూచితిమి. పదునొకండవ సెకండున పచ్చదీపమాఱి యెఱ్ఱదీపము వెలిగెను. పిల్లలు చప్పట్లు కొట్టిరి. యంత్రము "నాకు తెలియదు" అని చెప్పుటకు చప్పట్లు కొట్టిన దినము మా తరగతిలో అదియే మొదటిది.

ప్రశ్నించువానికిని ధర్మము లున్నవి. పరికరము మూడుసార్లు పిలిచినను పలుకనియెడల తెరపై పాత యంకెను అట్లే నిలుపరాదు. దానిని తుడిచి "తెలియదు" అని చూపవలెను. మౌనమును క్షేమమని యెంచుట గొప్ప ప్రమాదము. తుపాను దినమున పలుకని పరికరమే అందఱికంటె ముఖ్యమైన వార్త చెప్పుచున్నదేమో!

వేఱొక హెచ్చరిక. మాడ్‌బస్ పుట్టిన కాలమున ఆ తీగ కర్మాగారపు గోడల లోపలనే యుండెడిది. కావున ఇందు సంకేతపదము లేదు. తీగపై మాటాడగలిగిన ప్రతివాని యాజ్ఞను పరికరము నమ్మును. 2000వ సంవత్సరమున ఆస్ట్రేలియాలోని మరూచీ అను ప్రాంతమున, వేఱొక నియంత్రణ పద్ధతిలో, ఒకడు రేడియో ద్వారా మురుగునీటి పంపులకు దొంగ యాజ్ఞలు పంపి లక్షలకొలది లీటర్ల మురుగును తోటలలోనికిని కాలువలలోనికిని విడిపించెను. కావున వార్త చెప్పు గడులను చదువుటకే యుంచి, గేటు నెత్తుట వంటి పనులకు మనుష్యుని యనుమతిని, వేఱు కాపుదలను పెట్టవలెను. ఇట్టి తీగను బయటి ఇంటర్నెట్టునకు సూటిగ కలుపరాదు.

8. మన యూరివారి కృషి

మాడ్‌బస్ ఒక్కటియే కాదు. మోటారు వాహనములలోని పరికరముల కొఱకు జర్మనీలోని బాష్ కంపెనీ 1986లో ప్రకటించిన క్యాన్ అను పద్ధతి కలదు. మిక్కిలి వేగముగ కదలు యంత్రముల కొఱకు 2003లో వెలువడిన ఈథర్‌క్యాట్ కలదు. పని ననుసరించి భాష. నీటిమట్టము నిమిషమున కొకసారి తెలిసిన చాలును. అద్దకపు యంత్రములోని మోటారులకు సెకండులో వేయవ వంతు తేడా గూడ పనికిరాదు. పద్ధతి యేదైనను పైన చెప్పిన దొంగ హాజరు భయము అన్నింటికి సమానమే.

ఈ విద్య మన హైదరాబాదునకు క్రొత్తది కాదు. పశ్చిమగోదావరి మండలములోని మోగల్లులో 1914లో జన్మించిన అయ్యగారి సాంబశివరావుగారు 1967లో ఈ నగరమున స్థాపింపబడిన ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియాకు మొదటి నాయకులైరి. అణువిద్యుత్ కేంద్రములకు కావలసిన కొలత యంత్రములను, నియంత్రణ యంత్రములను మన దేశమునందే మన చేతులతోనే చేయవలెనను సంకల్పముతో ఆ సంస్థ పనిచేసినది. వారి పేరనే ఏ.ఎస్. రావు నగరము నేడు వెలసియున్నది. మీరు తొట్టితోను బెండుతోను చేసినది ఆ దారిలో నొక చిన్న యడుగే.

ముగింపు

తల్లిదండ్రుల సమావేశము జరిగిన మఱునాడు మేము మరల పురానాపూలుకు పోయితిమి. మొదట ప్రశ్న వేసిన చిన్నవాడు ఈసారి తానే తక్కినవారికి బోధించుచు, "పైన యంత్రము కొలుచును, ఇక్కడి యంత్రము అడుగును, అది చెప్పును" అని, క్షణమాగి, "అది యెప్పుడు కొలిచినదో గూడ అడుగవలెను" అని చేర్చెను. మా పాఠము వానికి పట్టుబడినదని మేము సంతోషించితిమి.

ఇటువంటి పరికరములను మీలో కొందఱు ముందు ముందు చేయుదురు. అప్పుడు ప్రోటోకాలును తెచ్చి చేర్చుట మీ కొక వారము పని కావచ్చును. మొదటి మాట తెరపై కనబడగానే పని ముగిసినదని లేవకుడు. కొలుచు తీగను మీ చేతితో మీరే యొకసారి ఊడదీసి, మీ యంత్ర మేమి చెప్పునో చూడుడు. తెలిసినది తెలిసినట్లును, తెలియనిది తెలియదనియు చెప్పిననాడే దానికి మాట వచ్చినట్లు.